ఏ సింథసైజర్ ఎన్ని అమ్ముడైంది? కంపెనీలు చెప్పని లెక్క, కొనేవాడికి కావలసిన లెక్క

బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఏ ప్లాట్‌ఫాం మీద నిలబడినా, వచ్చే ప్రతి రైలు ఇంజిన్ మీద పెద్ద అంకెల్లో దాని నంబరు కనిపిస్తుంది. అది ఏ రకమో, ఏ షెడ్డుకు చెందిందో పక్కనే రాసి ఉంటుంది. పెట్టెల సంగతీ అంతే. నంబరులోని మొదటి రెండంకెలు చూస్తే ఆ పెట్టె ఏ సంవత్సరంలో తయారైందో తెలిసిపోతుంది. ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ ఊళ్లో, రైల్వే క్వార్టర్లలో పెరిగే పిల్లలకు ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేని చదువు. మొత్తం ఎన్ని ఇంజిన్లున్నాయో కావాలంటే రైల్వే ఏటా ప్రచురించే గణాంకాల్లో దొరుకుతుంది.

అదే ఊళ్లో గణపతి నవరాత్రులకో, దసరాకో, పెళ్లి రిసెప్షన్‌కో వేసిన ఆర్కెస్ట్రా వేదిక మీది కీబోర్డును తీసుకోండి. దాన్ని తిరగేస్తే కింద ఒక చిన్న స్టిక్కరు, దాని మీద సీరియల్ నంబరు ఉంటాయి. ఆ మోడల్ ప్రపంచంలో ఎన్ని తయారయ్యాయి, మన దేశంలోకి ఎన్ని వచ్చాయి, ఇప్పటికీ ఎన్ని పనిచేస్తున్నాయి అన్న ప్రశ్నలకు మాత్రం ఆ స్టిక్కరు దగ్గర జవాబు లేదు. అమ్మిన దుకాణం దగ్గరా లేదు. తయారుచేసిన కంపెనీ దగ్గర ఉంది కానీ అది బయటపెట్టదు.

ఇది వట్టి కుతూహలం కోసం అడిగే ప్రశ్న కాదు. ఒక కంపెనీ తన సాంకేతికత మొత్తం పోగేసి తయారుచేసే అగ్రశ్రేణి సింథసైజర్, అంటే ఫ్లాగ్‌షిప్ మోడల్, ధర మన దేశంలో లక్షల్లో ఉంటుంది. యమహా మాంటేజ్, రోలాండ్ ఫాంటమ్, కోర్గ్ క్రోనోస్ ఈ కోవలోవే. సీజన్‌లో కచేరీలు చేసి, మిగతా నెలలు ట్యూషన్లు చెప్పుకునే వాద్యకారుడు అంత డబ్బు పెడుతున్నాడంటే అప్పు చేస్తున్నాడనే అర్థం. ఐదేళ్ల తర్వాత ఒక మీట కింది రబ్బరు అరిగితే, స్క్రీన్ వెలుగు పోతే స్పేర్ పార్టు దొరుకుతుందా? అమ్ముకుంటే ఎంతొస్తుంది? ఈ రెండింటి జవాబూ చాలావరకు ఆ మోడల్ ఎన్ని అమ్ముడైందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రచారంలో ఉన్న అంకెలు

సింథసైజర్ల చరిత్రలో కొన్ని అంకెలు పదేపదే వినిపిస్తాయి. యమహా 1983లో విడుదల చేసిన డీఎక్స్7 రెండు లక్షలకు పైగా అమ్ముడైందని ఎక్కువమంది రాస్తారు. లక్షన్నర దగ్గరే ఆగేవారూ ఉన్నారు. 1988 నుంచి 1995 వరకు తయారైన కోర్గ్ ఎం1కు సాధారణంగా చెప్పే అంచనా రెండున్నర లక్షలు. 1970లో మొదలైన మినీమూగ్‌కు పన్నెండు వేల పైచిలుకు, 1978లో వచ్చిన ప్రాఫెట్-5కు ఆరు వేల చిల్లర అంటారు. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌కు సుమారు పన్నెండు వేలు, టీబీ-303కి పదివేలు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. దాదాపు అన్నీ గుండ్రటి అంకెలే. ఎవరో ఒక ఇంజినీరు ఇంటర్వ్యూలో అన్న మాట పుస్తకంలోకి, అక్కడి నుంచి పత్రికలోకి, అక్కడి నుంచి అమ్మకపు ప్రకటనలోకి ఎక్కుతుంది. మూడు చోట్ల కనిపించింది కాబట్టి నిజమై ఉంటుందని నాలుగోవాడు అనుకుంటాడు. నిజానికి ఆ మూడింటికీ మూలం ఒక్కటే. డీఎక్స్7 విషయంలో లక్షన్నరకూ రెండు లక్షలకూ ఉన్న తేడా యాభై వేలు. అది మినీమూగ్ మొత్తం అమ్మకాలకు నాలుగింతలు.

అంకె ఏమిటని అడిగే ముందు అది దేని అంకె అని కూడా అడగాలి. ఫ్యాక్టరీలో తయారైనవి, డీలర్లకు పంపినవి, వాడేవారి చేతికి చేరినవి అన్నవి మూడు వేరు వేరు లెక్కలు. గోదాములో రెండేళ్లు మూలిగి, చివరికి సగం ధరకు పోయిన వాద్యం కూడా ‘పంపినవి’ లెక్కలో విజయంగానే కనిపిస్తుంది. డీఎక్స్7లో మొదటి మోడల్‌నే లెక్కపెట్టాలా, తర్వాత వచ్చిన డీఎక్స్7 రెండో తరాన్నీ కలపాలా అన్నది మరో చిక్కు.

గోప్యతకు కంపెనీలకు తమ కారణాలున్నాయి. యమహా, రోలాండ్ రెండూ జపాన్‌లోని హమామత్సు నగరానికి చెందిన సంస్థలు, రెండూ స్టాక్ మార్కెట్‌లో నమోదైనవే. 2014లో మార్కెట్ నుంచి బయటికి వెళ్లిన రోలాండ్ 2020 డిసెంబరులో మళ్లీ టోక్యో ఎక్స్ఛేంజికి వచ్చింది. వాటి వార్షిక నివేదికల్లో కీబోర్డులు, డ్రమ్స్ అంటూ విభాగాలవారీ ఆదాయం ఉంటుంది. మోడల్‌వారీ సంఖ్య ఉండదు. ఏ మోడల్ ఎంత పోతోందో పోటీదారుకు తెలియకూడదన్నది ఒక కారణం. ఫ్లాగ్‌షిప్ అమ్మకాలు చెప్పుకునేంత లేకపోవడం మరో కారణం కావచ్చు.

కోర్గ్ ఓయాసిస్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2005లో వచ్చిన ఈ యంత్రం లోపల పెంటియం ప్రాసెసర్‌తో లైనక్స్ మీద నడిచే కంప్యూటరే ఉండేది. ధర ఎనిమిది వేల డాలర్ల దగ్గర. 2009లో తయారీ ఆపేసేనాటికి సుమారు మూడు వేలే బయటికొచ్చాయి. అంకె ఒక్కటే చూస్తే ఇది ఓటమి. అయితే అందులోని పరిశోధనంతా 2011లో వచ్చిన క్రోనోస్‌లోకి తక్కువ ధరకు చేరింది. కంపెనీకి ఫ్లాగ్‌షిప్ అంటే రేపటి మోడళ్లకు వేసే పునాది. కొన్నవాడి పరిస్థితి వేరు. ప్రపంచం మొత్తం మీద మూడు వేలే ఉన్న యంత్రానికి బోర్డు పాడైతే అతను ఎక్కడ వెతుక్కోవాలి?

సీరియల్ నంబరు చెప్పే సాక్ష్యం

కంపెనీ నోరు విప్పనప్పుడు బయటివాళ్లకు మిగిలే మొదటి ఆధారం ఆ స్టిక్కరు మీది సీరియల్ నంబరే. దీని వెనక ఒక యుద్ధకాలపు లెక్క ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారుచేస్తోందో మిత్రరాజ్యాలకు తెలియాల్సి వచ్చింది. గూఢచారుల అంచనా ప్రకారం 1940 జూన్‌లో నెలకు 1,000. పట్టుబడిన ట్యాంకుల విడిభాగాల మీది నంబర్లను చూసి గణాంకవేత్తలు చెప్పింది 169. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో బయటపడిన అసలు సంఖ్య 122. 1942 ఆగస్టుకు గూఢచారుల అంచనా 1,550, నంబర్ల అంచనా 327, అసలు సంఖ్య 342.

లెక్క కష్టమైందేమీ కాదు. మనకు కనబడ్డ నంబర్లలో అతి పెద్దదాన్ని తీసుకోవాలి. దాన్ని, మనం చూసిన మొత్తం నంబర్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఆ పెద్ద నంబరుకే కలపాలి. చివర ఒకటి తీసేయాలి. ఉదాహరణకు ఒక మోడల్‌వి ఎనిమిది సీరియల్ నంబర్లు దొరికాయని, అందులో పెద్దది 2,640 అని అనుకుందాం. 2,640ని ఎనిమిదితో భాగిస్తే 330. రెండూ కలిపి ఒకటి తీసేస్తే 2,969. కనబడని నంబర్లు కూడా కనబడ్డవాటి మధ్య ఖాళీల్లాగే ఆపైన కొంత దూరం ఉంటాయన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

ఈ సూత్రం ఎందుకు మేలైనదో చెప్పే సిద్ధాంతానికి తెలుగువారి పేరుంది. మొదట ఎవరికైనా తట్టేది, దొరికిన నంబర్ల సగటును రెట్టింపు చేయడం. అదీ తప్పు కాదు, కానీ ఊగిసలాట ఎక్కువ. ఒక మోటు అంచనాను తీసుకుని, దత్తాంశంలో నిజంగా పనికొచ్చే సమాచారం మీద నిలబెడితే అది మెరుగవుతుందే తప్ప చెడిపోదని సి.ఆర్. రావు 1945లో నిరూపించారు. ఆ తర్వాత బ్లాక్‌వెల్ కూడా అదే ఫలితానికి రావడంతో అది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమైంది. ఇక్కడ పనికొచ్చే సమాచారం అతి పెద్ద నంబరు. రెట్టింపు సగటును దాని మీద నిలబెడితే సరిగ్గా పై సూత్రమే వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో స్థిరపడ్డ రావు 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అయితే 2,969 అన్నది సగం జవాబే. ఎనిమిది నంబర్లతో వచ్చిన ఈ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పాలి. 95 శాతం భరోసాతో మాట్లాడాలంటే అసలు సంఖ్య 2,640కి తక్కువ కాకుండా, సుమారు 3,840 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ‘మూడు వేలు అమ్ముడయ్యాయి’ అనే వార్తకూ, ‘2,640 నుంచి 3,840 మధ్య’ అనే అంచనాకూ ఉన్న తేడా ఇదే. రెండోది పత్రిక శీర్షికకు అందంగా ఉండదు కానీ నమ్మదగినది.

ఇంజిన్ నంబర్లు నేర్పే జాగ్రత్త

ఈ లెక్క ఎక్కడ బోల్తా కొడుతుందో బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం మీదే చూడొచ్చు. ప్రయాణికుల రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 రకం ఇంజిన్ల నంబర్లు ఒకటి నుంచి కాక 30201 నుంచి మొదలయ్యాయి. ఒక రోజంతా నిలబడి అలాంటి ఎనిమిదింటిని చూశామని, వాటిలో చిన్న నంబరు 30260, పెద్దది 30540 అని అనుకుందాం. ఆలోచించకుండా పై సూత్రం వాడితే దేశంలో 34 వేలకు పైగా డబ్ల్యూఏపీ-7లు ఉన్నాయని తేలుతుంది. మొదలు తెలియనప్పుడు వాడాల్సిన సూత్రం వేరు. పెద్ద నంబరుకూ చిన్న నంబరుకూ ఉన్న దూరం నుంచి లెక్క కట్టాలి. అలా చేస్తే అవే ఎనిమిది నంబర్ల నుంచి వచ్చేది 359.

అదీ ఆ వరుసకే వర్తిస్తుంది. 30000 వరుసలో చోటు నిండాక ఈ రకానికి 37000, 39000 వరుసల్లో నంబర్లు ఇచ్చారు. సంగతి తెలియనివాడు రెండు వరుసలనూ కలిపేస్తే మధ్యలోని వేల ఖాళీ నంబర్లను కూడా ఇంజిన్లుగా లెక్కవేస్తాడు. సరకు రైళ్లను లాగే డబ్ల్యూఏజీ-9లు 31000 నుంచి మొదలయ్యాయి. అంటే ఒక రకం నంబర్లు ఆగాల్సి వచ్చింది పక్కనే మరో రకం ఉండటం వల్ల.

సింథసైజర్లలోనూ అచ్చం ఇలాంటి చిక్కులే. కొన్ని కంపెనీలు సీరియల్ నంబరులో తయారైన నెలను, సంవత్సరాన్ని అక్షరాలుగా ఇరికిస్తాయి. కొన్ని అరవై ఒక్క మీటల మోడల్‌కూ, ఎనభై ఎనిమిది మీటల మోడల్‌కూ ఒకే వరుస నడుపుతాయి. సవరించిన డిజైన్ వచ్చినప్పుడు కొన్ని వందల నంబర్లు వదిలేసి కొత్త చోట మొదలుపెట్టడమూ ఉంటుంది. ప్రాఫెట్-5 తొలి రూపం 182 మాత్రమే తయారైందని సేకర్తలు కచ్చితంగా చెప్పగలుగుతున్నారంటే, వరుస ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో వాళ్లు పట్టుకోగలిగారు కాబట్టే. నంబరు కన్నా నంబర్లు వేసిన పద్ధతి తెలియడం ముఖ్యం.

ఎవరి నంబర్లు మన కంటబడుతున్నాయన్నది మరో ప్రశ్న. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో కనిపించేవి యజమాని వదిలించుకోవాలనుకున్నవి. ఇష్టంగా వాడుకునేవి ఇంట్లోనే ఉంటాయి. అమెరికాలో, యూరప్‌లో అమ్మకానికి పెట్టేవారు ఫొటోతోపాటు నంబరూ చూపిస్తారు. మన దగ్గర సింథసైజర్ చేతులు మారేది ఎక్కువగా తెలిసినవారి మధ్య. పాత కీబోర్డు ఒక ఆర్కెస్ట్రా నుంచి ఇంకో ఆర్కెస్ట్రాకు ఫోన్ మీదే వెళ్లిపోతుంది. దాంతో ప్రపంచ అంచనాల్లో భారతదేశం దాదాపు కనిపించదు.

రెండు జాబితాల లెక్క

ఆ లోటు పూడ్చే పద్ధతి ఒకటుంది. దాని మూలాలు కూడా బెంగాల్‌లోనే ఉన్నాయి. ఊళ్లో ఎన్ని జననమరణాలు నమోదు కాకుండా పోతున్నాయో తెలుసుకోవడానికి చంద్రశేఖరన్, డెమింగ్ 1949లో కలకత్తా దగ్గరి సింగూర్ ప్రాంతపు వివరాలతో ఒక పద్ధతి చూపించారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జాబితాలు తీసుకుని, రెండింటిలోనూ ఎన్ని పేర్లు కలిశాయో చూడటమే ఆ పద్ధతి.

దాన్ని ఇక్కడికి తెచ్చుకుందాం. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ మరమ్మతు దుకాణాల నోటుపుస్తకాల్లో ఒక మోడల్‌వి 60 సీరియల్ నంబర్లు దొరికాయనుకుందాం. అదే ప్రాంతపు ఆర్కెస్ట్రాల దగ్గర విడిగా 50 నంబర్లు సేకరిస్తే, వాటిలో 12 మొదటి జాబితాలోనూ ఉన్నాయనుకుందాం. 60ని 50తో గుణించి 12తో భాగిస్తే 250. ఆ ప్రాంతంలో ఆ మోడల్‌వి సుమారు అన్ని ఉండొచ్చు. ఎక్కువ కచేరీలు చేసే యంత్రమే ఎక్కువసార్లు మరమ్మతుకూ వస్తుంది కాబట్టి రెండు జాబితాలూ పూర్తిగా విడివిడిగా ఉండవు. అందువల్ల అసలు సంఖ్య 250 కన్నా ఎక్కువే ఉండే అవకాశం ఉంది. లోపం ఎటువైపు ఉందో తెలిసిన అంచనా, ఏమీ తెలియని గుండ్రటి అంకె కన్నా ఎంతో నయం.

ప్రభుత్వ లెక్కలు ఎంతవరకు

మూడో దారి కస్టమ్స్ లెక్కలు. విద్యుత్తుతో పనిచేసే వాద్యాలకు అంతర్జాతీయ వర్గీకరణలో 9207 అనే శీర్షిక ఉంది. అందులో కీబోర్డు వాద్యాలకు 920710 అనే ఉపశీర్షిక. దిగుమతుల సంఖ్య, విలువ వాణిజ్య శాఖ ప్రచురిస్తుంది. కానీ పిల్లలు నేర్చుకోవడానికి కొనే చిన్న కీబోర్డు, చర్చిలో పెట్టే డిజిటల్ పియానో, లక్షల ఖరీదైన ఫ్లాగ్‌షిప్ అన్నీ ఆ ఒక్క గంపలోనే పడతాయి. విలువను సంఖ్యతో భాగిస్తే సగటు ధర వస్తుంది. ఫ్లాగ్‌షిప్‌లు ఎన్నో మాత్రం రాదు.

భారతీయ మార్కెట్ చిన్నదేమీ కాదని కంపెనీల ప్రవర్తనే చెబుతోంది. యమహా ప్రత్యేకంగా మన దేశం కోసం పీఎస్ఆర్-ఐ వరుసను తెచ్చింది. పీఎస్ఆర్-ఐ500లో సాధన కోసం ‘రియాజ్’ అనే సదుపాయమే పెట్టింది. కేసియో మోడళ్ల పేర్ల చివర ‘ఐఎన్’ అని చేర్చి భారతీయ స్వరాలు, తాళాలతో అమ్ముతోంది. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వేదిక వాద్యకారులను దృష్టిలో పెట్టుకుని వచ్చిందే. చెన్నై దగ్గర యమహాకు ఫ్యాక్టరీ కూడా ఉంది. ఎన్ని పోతాయో లెక్క లేకుండా ఇవేవీ జరగవు. ఆ లెక్క ఉన్నది ఒక వైపువారి దగ్గరే.

అమ్మకాల అంకెకూ ప్రభావానికీ లంకె లేదని కూడా గుర్తుంచుకోవాలి. బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808లతో పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, తర్వాతి కాలంలో అమెరికాలో పుట్టిన యాసిడ్ హౌస్ సంగీతానికి అది ముందే వినిపించిన ప్రతిధ్వనిలా ఉందని ప్రపంచం ఆశ్చర్యపోయింది. మూడూ తక్కువ సంఖ్యలో తయారైన యంత్రాలే. అవి ఈనాడు లక్షల్లో పలుకుతున్నది కూడా ఆ కొరత వల్లే.

బిలాస్‌పూర్‌లో ఈ లెక్క ఎందుకు

బిలాస్‌పూర్ లాంటి ఊళ్లో కొరతకు అర్థం మరోలా ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి, ముఖ్యంగా 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక, ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ రైల్వే ఊళ్లలో ఉన్నాయి. ఇక్కడి వేదిక మీద ఒకే రాత్రి హిందీ పాట, ఛత్తీస్‌గఢీ పాట, తెలుగు పాట పలకాలి. ఒక్క మనిషి వేణువు, వయొలిన్లు, షెహనాయి అన్నీ వాయించాలంటే మంచి సింథసైజర్ కావాలి. అది మధ్యలో ఆగిపోతే ఆ రాత్రి సంపాదన పోయినట్టే.

ఏ మోడల్ ఎన్ని ఉన్నాయో తెలిస్తే మరమ్మతు చేసేవాడు ఆ రబ్బరు పట్టీలు, స్లైడర్లు ముందే తెప్పించి పెట్టుకుంటాడు. తెలియకపోతే ప్రతి పార్టూ ఢిల్లీ నుంచో ముంబయి నుంచో విడిగా రావాలి. దేశంలో 2022 డిసెంబరులో మొదలైన మరమ్మతు హక్కు పోర్టల్ వ్యవసాయ పరికరాలు, మొబైల్–ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలతో ప్రారంభమైంది. సంగీత వాద్యాలకు అందులో ప్రత్యేక స్థానం లేదు. ట్రాక్టరు రైతుకు ఎలా జీవనాధారమో, వేదిక మీది సింథసైజర్ వాద్యకారుడికి అలాంటిదే. మోడల్‌వారీ అమ్మకాలు చెప్పకపోయినా, ఆ మోడల్‌కు ఎన్నేళ్లపాటు విడిభాగాలు ఇస్తారో ముందే ప్రకటించమని కంపెనీలను అడగడంలో వ్యాపార రహస్యమేమీ బయటపడదు. కస్టమ్స్ వర్గీకరణలో ధరను బట్టి కీబోర్డులను రెండు మూడు తరగతులుగా విడగొట్టినా సగం చీకటి తొలగుతుంది.

అంతవరకు కొనేవారు చేయగలిగింది కొంత ఉంది. ‘రెండు లక్షలు అమ్ముడైన మోడల్’ అని దుకాణదారు చెబితే, అది తయారైన లెక్కా అమ్ముడైన లెక్కా, ప్రపంచానిదా మన దేశానిదా అని అడగాలి. దగ్గరి మరమ్మతు దుకాణానికి వెళ్లి ఆ మోడల్‌వి ఏడాదిలో ఎన్ని వచ్చాయో, ఏ పార్టు పోయిందో కనుక్కోవాలి. ఆర్కెస్ట్రావాళ్లు తమ కీబోర్డుల సీరియల్ నంబర్లను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటే, నాలుగు ఊళ్ల పుస్తకాలు కలిసిన రోజున కంపెనీ చెప్పని లెక్క వాళ్ల చేతికే వస్తుంది.